పిల్లల కనుపాపల్లో చిన్నా పెద్దా తేడా కనిపిస్తే: ఎంత తొందరగా, ఎక్కడికి, ఏం రాసి పంపాలి

వినాయక చవితి మర్నాడు నర్సంపేట వైపు ఒక ఊరి నుంచి స్కూల్ టీచర్ వాట్సాప్‌లో ఫోటో పంపింది. మూడో తరగతి పిల్లవాడు, కుడి కనుపాప మామూలుగా ఉంది, ఎడమది నల్లగుడ్డంతా నిండిపోయినంత పెద్దగా ఉంది. అప్పటికే ఇంట్లో ఏడుపులు మొదలయ్యాయి, తలకాయలో గడ్డ అయి ఉంటుందని ఎవరో అనేశారు, హైదరాబాద్‌కి కారు మాట్లాడుతున్నారు. నేను ఫోన్లో అడిగినవి ఇవి: తలకు గానీ కంటికి గానీ దెబ్బ తగిలిందా, పిల్లవాడు ఎప్పటిలాగే హుషారుగా ఉన్నాడా, పైరెప్ప ఏమైనా వాలిందా, కన్ను అన్ని వైపులా తిరుగుతోందా. అన్నిటికీ మంచి జవాబే వచ్చింది. తర్వాత అడిగాను, నిన్న పత్రి ఎవరు కోసుకొచ్చారు అని. వాడే. చవితి పూజలో పెట్టే ఇరవై ఒక్క పత్రుల్లో ఉమ్మెత్త ఒకటి. ఉమ్మెత్త ఆకులో, పువ్వులో, గింజలో అన్నిట్లోనూ అట్రోపిన్ జాతి మందులుంటాయి, ఆ రసం అంటిన చేత్తో కన్ను నలుపుకుంటే చాలు, ఆ ఒక్క కంటి పాప విప్పుకుని రోజుల తరబడి అలాగే ఉండిపోతుంది. అదే రోజు వరంగల్ పంపాం, డాక్టర్ పాపను చిన్నది చేసే పైలోకార్పిన్ చుక్క వేసి చూస్తే పాప కదల్లేదు, అంటే నరం చెడలేదు, మందే పాపను పట్టి ఉంచింది. వారం లోపు సర్దుకుంది.

ఇంకో కేసు దీనికి పూర్తిగా తలకిందులు. తొమ్మిది నెలల ఆడపిల్ల. టీకా రోజున ఏఎన్ఎం అక్కకు అనుమానం వచ్చింది, ఒక కన్ను కొంచెం చిన్నగా కనిపిస్తోందని. కనుపాపల తేడా అర మిల్లీమీటరో, ఒకటో. నాయనమ్మ మాత్రం "పుట్టిన కాడి నుంచి గట్లనే ఉంది బిడ్డా" అంటోంది. ఆ అక్క అంతటితో వదిలేయకుండా తల్లి ఫోన్ తీసుకుని పాత ఫోటోలు చూసింది. అన్నప్రాసన ఫోటోల్లో రెండు కళ్లూ సమానంగా ఉన్నాయి. అంటే ఈ మూడు నెలల్లో వచ్చిన మార్పు ఇది. స్కాన్‌లో ఛాతీ పైభాగంలో గడ్డ దొరికింది, వైద్యం మొదలైంది, ఆ పిల్ల ఇప్పుడు అంగన్‌వాడీకి పోతోంది.

ఈ రెండు కేసుల గురించి నేను ప్రతి ట్రైనింగ్‌లో చెప్తాను. కంటికి కొట్టొచ్చినట్టు కనిపించిన తేడా ఆకు రసం వల్ల వచ్చింది, కనిపించీ కనిపించనట్టున్న తేడా వెనక గడ్డ ఉంది. కాబట్టి పాప ఎంత పెద్దగా ఉంది అన్నదాన్ని బట్టి పరుగు పెట్టకండి. దానితో పాటు ఇంకేం ఉంది, ఎప్పటి నుంచి ఉంది, ఏ వెలుతురులో తేడా పెరుగుతోంది, ఈ మూడూ చూసి ఎంత తొందరో తేల్చుకోండి. ఇది రాస్తున్నది ఆశా, ఏఎన్ఎం అక్కల కోసం, ఆర్‌బీఎస్‌కే (బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ కార్యక్రమం) టీమ్ వాళ్ల కోసం, టీచర్ల కోసం, ఊళ్లలో ముందుగా పిల్లల్ని చూసే డాక్టర్ల కోసం. తల్లిదండ్రులు చదివినా అర్థమయ్యేట్టే రాస్తాను.

ముందు అసలు తేడా ఉందో లేదో సరిగ్గా చూడాలి. మన పిల్లల నల్లగుడ్డు ముదురు గోధుమ రంగు కాబట్టి, పాప ఎక్కడ అయిపోయింది, చుట్టూ ఉన్న రంగు ఎక్కడ మొదలైంది అన్నది మామూలు వెలుతురులో చాలాసార్లు తెలియదు. టార్చ్ నేరుగా కళ్లలోకి కొట్టకండి, పిల్లవాడు కళ్లు మూసుకుంటాడు, పైగా కొట్టగానే పాపలు చిన్నవైపోయి మీకు చూడాల్సింది కనిపించదు. ఫోన్ టార్చ్‌ని గడ్డం కింద నుంచి ఏటవాలుగా, రెండు కళ్లకూ సమానంగా పడేట్టు పట్టుకుంటే పాప అంచు తెలుస్తుంది. పిల్లవాడు దూరంగా చూస్తూ ఉండాలి. దగ్గరగా ఫోన్లో కార్టూన్ పెట్టి కూర్చోబెడితే పాపలు వాటంతటవే ముడుచుకుంటాయి, చాలామంది చేసే పొరపాటు ఇది. కార్టూన్ పెట్టాలనుకుంటే ఆ ఫోన్ గది అవతలి గోడ దగ్గర పెట్టండి.

ఇప్పుడు రెండు సార్లు చూడాలి. ఒకసారి బాగా వెలుతురులో, వరండాలోనో కిటికీ దగ్గరో. ఇంకోసారి తలుపులు మూసి మసక చీకట్లో. రెండు చోట్లా ఫోటో తీయండి, నుదురు నుంచి గడ్డం దాకా మొహం వచ్చేట్టు, తల పక్కకు వంచకుండా. వీలైతే చెంప మీద చిన్న స్కేలు ఆనించి తీస్తే మిల్లీమీటర్లు తర్వాత కూడా లెక్కపెట్టుకోవచ్చు. చీకట్లో ఇంకో పని ఉంది. లైటు తీసేసిన నాలుగైదు సెకన్లకు ఒక ఫోటో, పదిహేను సెకన్లకు ఇంకోటి. చిన్న పాప ఉన్న కన్ను మొదటి ఫోటోలో వెనకబడి, రెండో దాంట్లో కొంచెం అందుకుంటే, అంటే ఆలస్యంగా విప్పుకుంటే, అది హార్నర్ అనే సమస్యకు, అంటే పాపను విప్పే నరం దెబ్బతినడానికి, గట్టి గుర్తు. ఈ రెండు ఫోటోలు ఉంటే అవతలి డాక్టర్ పని సగం అయిపోయినట్టే.

దీన్ని అర్థం చేసుకోవడానికి ఒక్క సూత్రం చాలు. పాపను ముడిచే కండరం ఒకటి, విప్పే కండరం ఒకటి, రెండిటికీ నరాలు వేరు. వెలుతురులో తేడా ఎక్కువైతే పెద్ద పాప ముడుచుకోవడం లేదన్నమాట, తప్పు పెద్ద పాపది. చీకట్లో తేడా ఎక్కువైతే చిన్న పాప విప్పుకోవడం లేదు, తప్పు చిన్న పాపది. రెండు చోట్లా తేడా దాదాపు ఒకటే, ఒక మిల్లీమీటరు లోపే, రెండూ వెలుతురుకు చురుగ్గా ముడుచుకుంటున్నాయి, రెప్పా కదలికా మామూలుగా ఉన్నాయంటే, చాలావరకు అది పుట్టుకతో వచ్చే సహజమైన తేడా. ఇంచుమించు ప్రతి ఐదుగురిలో ఒకరికి ఇలాంటి చిన్న తేడా ఉంటుంది, కొందరిలో అది ఒకరోజు ఎక్కువగా, ఒకరోజు తక్కువగా కనిపిస్తుంది కూడా.

ఒక అపోహ గురించి కూడా చెప్పాలి. ఒక కంట్లో చూపు తగ్గితే ఆ పాప పెద్దదవుతుందని చాలామంది, చదువుకున్నవాళ్లు కూడా, అనుకుంటారు. రెండు పాపలకూ ఆజ్ఞ మెదడు నుంచి సమానంగా వెళ్తుంది, అందుకే ఒక కన్ను పూర్తిగా చూడకపోయినా రెండు పాపలూ ఒకే సైజులో ఉంటాయి. కాబట్టి "ఆ కంటికి చూపు లేదు కదా, అందుకే పెద్దగా ఉంది" అని సరిపెట్టుకోకండి, తేడా ఉంటే దానికి వేరే కారణం వెతకాల్సిందే. అలాగే పాపలు సమానంగా ఉన్నాయి కాబట్టి చూపు బాగుందనీ అనుకోవద్దు, ఒక కన్ను మూసి ఇంకో కంటితో చూపు పరీక్ష విడిగా చేయాలి.

ఇక తొందర సంగతి.

తలకు దెబ్బ తగిలి, లేదా ఏ దెబ్బా లేకుండానే, పిల్లవాడు మత్తుగా ఉన్నా, వాంతులు అవుతున్నా, ఫిట్స్ వచ్చినా, తట్టుకోలేని తలనొప్పి అన్నా, కాలో చెయ్యో పడిపోయినట్టున్నా, వాటితో పాటు కొత్తగా ఒక పాప పెద్దదై కనిపిస్తే అది కంటి కేసు కానే కాదు. మెదడు లోపల ఒత్తిడి పెరిగి నరాన్ని నొక్కుతోందేమో అనుకోవాలి, నిమిషాలు లెక్క. 108కి ఫోన్ చేయండి, మన దగ్గరైతే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఎమర్జెన్సీకి పంపండి. కంటి ఆసుపత్రి ఓపీ చీటీ కోసం లైన్లో నిలబెట్టొద్దు. తాగడానికి తినడానికి ఏమీ ఇవ్వొద్దు. మత్తుగా ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, కానీ దెబ్బ తగిలిన పిల్లవాడైతే మెడ మెలిపెట్టకుండా తలా ఒళ్లూ కలిపి ఒకేసారి తిప్పాలి. రెప్ప పూర్తిగా వాలిపోయి, రెప్ప ఎత్తి చూస్తే కన్ను బయటికీ కిందికీ తిరిగి ఉండి, పాప పెద్దగా ఉంటే అది కంటినీ రెప్పనూ కదిలించి పాపను ముడిచే మూడో నరం దెబ్బతిన్న లక్షణం, పిల్లవాడు ఆడుకుంటున్నా సరే దీన్నీ ఇదే వరసలో పెట్టండి.

కంటికి సూటిగా దెబ్బ తగిలిన కేసులు మన దగ్గర సీజన్ ప్రకారం వస్తాయి. వేసవి సెలవుల్లో చిర్రగోనె, క్రికెట్ బంతి, దీపావళికి బాణసంచా, జాతర్లలో కొన్న ప్లాస్టిక్ గుళ్ల తుపాకులు. మొద్దు దెబ్బకు పాపను ముడిచే కండరం చిరిగి పాప పెద్దగా ఉండిపోవచ్చు, నల్లగుడ్డు ముందు రక్తం చేరొచ్చు, అది కూర్చున్నప్పుడు కింద ఎర్రటి గీతలా కనిపిస్తుంది. ఇవి అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి పోవాలి. కానీ పాప గుండ్రంగా కాకుండా కన్నీటి బొట్టులా ఒక వైపు సాగినట్టుంటే కన్ను పగిలిందనే అనుకోండి. కడగొద్దు, చుక్కలు వేయొద్దు, ఆయింట్‌మెంట్ పెట్టొద్దు, గుచ్చుకుని ఉన్నది లాగొద్దు, దూది పెట్టి నొక్కి కట్టొద్దు. టీ తాగే పేపర్ కప్పు కింది భాగం కత్తిరించి కంటి చుట్టూ ఉన్న ఎముక మీద ఆనేట్టు బోర్లించి ప్లాస్టర్ వేయండి, కప్పు కంటికి తగలకూడదు. మత్తు ఇచ్చి కుట్లు వేయాల్సి రావొచ్చు కాబట్టి దారిలో ఏమీ తినిపించొద్దు, ఆకలికి ఏడుస్తున్నాడని బిస్కెట్ పెడితే ఆపరేషన్ గంటలు ఆలస్యమవుతుంది. చివరి టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేశారో కార్డు చూసి రాయండి.

పురుగుమందు లాంటిదేదైనా పడిన కన్ను దీనికి వ్యతిరేకం, దాన్ని వెంటనే కడగాలి. పత్తి, మిర్చి చేలల్లో కొట్టే మందుల్లో కొన్ని పాపను సూది మొనంత చిన్నది చేస్తాయి, ఒక కంట్లో చింది పడితే ఆ ఒక్క పాపే చిన్నదవుతుంది. జిల్లేడు పాలు పడితే నొప్పి పెద్దగా లేకపోయినా నల్లగుడ్డు వాచి చూపు మసకబారుతుంది. సున్నం గురించి వేరే చెప్పక్కర్లేదు. ఏదైనా సరే, రెప్పలు విడదీసి పట్టుకుని శుభ్రమైన నీళ్లు ధారగా అరగంట పోయండి, తర్వాతే బండి ఎక్కించండి. పురుగుమందు పడిన పిల్లవాడికి నోట్లో నురగ, చెమటలు, విరేచనాలు, ఆయాసం ఉంటే, లేదా ఉమ్మెత్త గింజలు నోట్లో వేసుకుని ఒళ్లు కాలిపోతూ పిచ్చిగా మాట్లాడుతుంటే, అవి ఒళ్లంతా ఎక్కిన విషానికి గుర్తులు, నేరుగా ఎమర్జెన్సీకి. కంట్లో తల్లిపాలు పిండడం, ఆముదం వేయడం, నలుసును నాలుకతో తీయడం ఇప్పటికీ జరుగుతున్నాయి. తిట్టకుండా అడిగితే చెప్తారు, చెప్పింది చీటీలో రాయండి, ఎందుకంటే ఇన్‌ఫెక్షన్ వస్తే డాక్టర్‌కు అది తెలియాలి.

కన్ను ఎర్రగా ఉండి, వెలుతురు చూడలేక, పాప అంచు వంకరటింకరగా అతుక్కున్నట్టుంటే లోపల వాపు, అదే రోజో మర్నాడో చూపించాలి. కీళ్లవాపు ఉన్న పిల్లల్లో ఇదే వాపు ఎరుపూ నొప్పీ లేకుండా చాపకింద నీరులా వస్తుంది, అది గుర్తుంచుకోండి.

ఇప్పుడు నేను ఎక్కువగా భయపడే కేసు గురించి. ఒక కంటి పాప చిన్నగా ఉండడం, అదే వైపు పైరెప్ప ఒకటి రెండు మిల్లీమీటర్లు వాలడం, కిందిరెప్ప కొంచెం పైకి లేవడం, చీకట్లో తేడా పెరగడం. ఇదే హార్నర్. కొందరు పిల్లల్లో ఏడ్చినప్పుడు, ఎండలో ఆడినప్పుడు మొహం ఒక పక్కే ఎర్రబడుతుంది, చెమట ఒక పక్కే పడుతుంది, తల్లిని ప్రత్యేకంగా అడిగితేనే చెప్తుంది. పుట్టుకతో వచ్చిందైతే ఆ కంటి నల్లగుడ్డు రంగు కాస్త లేతగా ఉండొచ్చు. కాన్పులో భుజం లాగడం వల్ల వచ్చిన కేసులుంటాయి, అప్పుడు అదే వైపు చెయ్యి కూడా బలహీనంగా ఉంటుంది. గుండెకో మెడకో ఆపరేషన్ అయిన పిల్లలకు రావొచ్చు. ఇలాంటి కారణమేదీ దొరకకపోతే, మెడలోనో ఛాతీలోనో పెరిగే న్యూరోబ్లాస్టోమా అనే గడ్డకు ఇది మొదటి గుర్తు కావొచ్చు కాబట్టి ఆ వారంలోనే పెద్ద ఆసుపత్రికి చేరాలి. మీరు మెడ తడిమి, పొట్ట తడిమి, గడ్డలేమైనా ఉంటే రాయండి. అక్కడ మెడ, ఛాతీ, పొట్ట స్కాన్లు, మూత్ర పరీక్ష చేస్తారు. మెడకు దెబ్బ తగిలాకో, మెడనొప్పితోనో కొత్తగా వస్తే వారం ఆగొద్దు, అదే రోజు. చిన్న రెప్ప వాలడాన్ని ఇంట్లోవాళ్లు నిద్రమొహం అనుకుంటారు, లేదా మేనమామ పోలిక అంటారు. ఫోటోలు చూడకుండా ఆ మాట నమ్మొద్దు.

పాపలో తెల్లటి మెరుపు కనిపిస్తే, ఫ్లాష్ ఫోటోలో ఒక కన్ను ఎర్రగా, ఇంకోటి తెల్లగా వస్తే, తేడా ఉన్నా లేకపోయినా అదే వారంలో పంపాలి. శుక్లం కావొచ్చు, రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ కావొచ్చు, రెండిటికీ ఆలస్యం ప్రమాదమే. దానికి తోడు మెల్లకన్ను ఉంటే మనవాళ్లు అదృష్టం అంటారు, అలా నెలలు పోగొట్టుకున్న పిల్లలున్నారు.

పంపే ముందు మందుల గురించి తప్పక అడగండి. ఆయాసానికి నెబ్యులైజర్ పెట్టినప్పుడు అందులో ఇప్రాట్రోపియం అనే మందు ఉంటే, మాస్క్ వదులై ఒక కంటి వైపు ఆవిరి పోయి ఆ పాప పెద్దదవుతుంది. అద్దాల పరీక్షకు వేసిన అట్రోపిన్ రెండు వారాల దాకా ఉండొచ్చు. సోమరి కన్ను (చూపు సరిగా ఎదగని కన్ను) వైద్యంలో మంచి కంటికి మాత్రమే అట్రోపిన్ వేస్తారు, అది డాక్టర్ చెప్పిందే. మెడికల్ షాపులో అడిగి తెచ్చిన చుక్కల సీసా ఇంట్లో ఎక్కడో ఉంటుంది, ఖాళీదైనా సరే తెమ్మనండి.

దీనికంటే ముఖ్యం, పాపల కొలతలు రాయకముందు పాపను పెద్దది చేసే చుక్కలు ఎవరూ వేయకూడదు. ఒకసారి ఒక ప్రైవేట్ క్లినిక్‌లో లోపల చూడాలని చుక్కలు వేసేసి, కొలతలు రాయకుండా నా దగ్గరికి పంపారు. రెండు పాపలూ పెద్దవై ఉన్నాయి, చూడ్డానికి ఏం మిగల్లేదు. ములుగు దాటి ఎంతో దూరం నుంచి వచ్చిన కుటుంబం, కూలి పోగొట్టుకుని వచ్చింది, వాళ్లను మళ్లీ రమ్మనాల్సి వచ్చింది. రెండు లైన్లు రాసుంటే ఆ తిప్పలు ఉండేవి కాదు.

ఆ రాత ఎలా ఉండాలంటే, "ఐదేళ్ల బాబు. ఎడమ పాప పెద్దది, తల్లి గమనించి ఎనిమిది రోజులు. వెలుతురులో కుడి 3, ఎడమ 5 మి.మీ. చీకట్లో కుడి 6, ఎడమ 6.5. ఎడమది వెలుతురుకు నిదానంగా కదులుతోంది. రెప్పలు సమానం, కళ్లు అన్ని వైపులా తిరుగుతున్నాయి. నల్లగుడ్డు రంగు రెండిటికీ ఒకటే, తెల్ల మెరుపు లేదు. దెబ్బ లేదు, చుక్కలు వేయలేదు, నెబ్యులైజర్ లేదు. పోయిన సంక్రాంతి ఫోటోలో సమానంగా ఉన్నాయి. తలనొప్పి, వాంతులు లేవు." ఇంతే. "కనుపాపల్లో తేడా, దయచేసి చూడగలరు" అని రాస్తే అవతలి డాక్టర్‌కు అది గంటల కేసో, నెలల కేసో తెలియదు. చీటీ పైన ఎర్ర పెన్నుతో "ఈ రోజే", "ఈ వారం", "మామూలు" అని ఏదో ఒకటి రాయండి, మీ ఫోన్ నంబర్ కూడా.

ఎక్కడికి అన్నది పెద్ద చిక్కేం కాదు. కంటి వరకు అయితే వరంగల్‌లో ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. ఆర్‌బీఎస్‌కే టీమ్ చూసిన పిల్లలకు జిల్లా సత్వర చికిత్స కేంద్రం, అంటే డైక్, ద్వారా రెఫరల్ రాయించుకోవచ్చు, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు దీని కిందకు వస్తారు. పిల్లల కంటి నిపుణులు, కంటి నరాల నిపుణులు కావాలంటే హైదరాబాద్, అక్కడ ప్రభుత్వ వైపు మెహదీపట్నంలో సరోజినీ దేవి కంటి ఆసుపత్రి, ఇంకా బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ ఉన్నాయి. హార్నర్ అనుమానం ఉన్న చంటిపిల్లలకు కంటి డాక్టర్ ఒక్కరే చాలరు, పిల్లల డాక్టర్ కూడా చూడాలి, ఆ సంగతి చీటీలోనే రాసి పంపండి. రేషన్ కార్డు, ఆధార్, టీకా కార్డు, పాత ఫోటోలున్న ఫోన్, దాని ఛార్జర్ పట్టుకెళ్లమనండి. ఆరోగ్యశ్రీ గురించి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను మొదటి రోజే అడగమనండి, స్కాన్ డబ్బులకు భయపడి మధ్యలో తిరిగొచ్చేవాళ్లు ఎక్కువ.

తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు గడ్డ, క్యాన్సర్ అన్న మాటలు అనుమానంతోనే నోరు జారకండి, అలాగని "ఏం కాదులే అమ్మా" అని కూడా అనకండి, ఆ మాట పట్టుకుని ఇంట్లోనే ఆగిపోతారు. నేనైతే ఇలా అంటాను: "రెండు పాపలకూ తేడా ఉంది. చాలామందికి ఇది మామూలే, కొందరికి మాత్రం లోపల ఏదో ఉందని చెప్పే గుర్తు. మన బాబు ఏ వరసో తేలాలంటే ఫలానా రోజు లోపు అక్కడ చూపించాలి. నేను గురువారం ఫోన్ చేస్తా." చేస్తానన్న రోజు చేయాలి. పత్తి తీతలప్పుడు, వరి కోతలప్పుడు ఆ ఫోన్ రాకపోతే ప్రయాణం వచ్చే నెలకు పోతుంది.

మామూలు తేడా అని తేలిన పిల్లలకు కూడా ఒక పని ఉంది. చూపు పరీక్ష ఒకసారి చేయించి, వెలుతురులో, చీకట్లో తీసిన ఫోటోలు తేదీతో తల్లి ఫోన్లో, మీ ఫోన్లో ఉంచండి. మూడు నెలల తర్వాత అదే చోట, అదే సమయానికి మళ్లీ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. తేడా పెరిగినా, రెప్ప వాలినా మళ్లీ పంపాలి. పెరగకపోతే ఆ ఫోటోలు తీసేయకండి, రేపు ఆ పిల్లవాడు సైకిల్ మీంచి పడి ఎమర్జెన్సీకి వెళ్తే, ఈ తేడా దెబ్బకు ముందు నుంచే ఉందని అక్కడి డాక్టర్‌కు చూపించగలిగేది ఆ ఫోటోలే.